హార్డ్ డిస్క్ దారిలో ఉప్పుటేరు ఎక్కడ?

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే జంగారెడ్డిగూడెం ఫొటో స్టూడియోల్లో అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరవు. పెళ్ళికి రెండు వీడియో కెమెరాలు, ఒక డ్రోన్, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. ప్రధానం నుంచి అప్పగింతల దాకా తీసిందంతా కలిపితే 200 జీబీ కావడం వింతేమీ కాదు. అదంతా మెమరీ కార్డుల్లోంచి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కాలి. తెల్లారేసరికి కార్డులు ఖాళీ అవ్వాలి, ఎందుకంటే మర్నాడు కామవరపుకోటలోనో కొయ్యలగూడెంలోనో ఇంకో పెళ్ళి ఉంటుంది. పొగాకు వ్యాపారుల లెక్కలు రాసే ఆఫీసుల్లోనూ, రైస్ మిల్లుల్లోనూ ట్యాలీ బ్యాకప్ తీసేవాళ్ళ అవస్థ కూడా ఇలాంటిదే, పరిమాణమే కాస్త చిన్నది. సరిగ్గా ఆ వేళ కాపీ విండోలో ఇంకా గంటా నలభై నిమిషాలు పడుతుందని కనిపిస్తే నోటికొచ్చే మాట ఒకటే: డిస్క్ పోయింది, కొత్తది కొనాలి. ఆ మాట తొందరపాటని చూపించడమే ఈ అధ్యాయం పని. డిస్క్ నెమ్మదించడం చాలాసార్లు డిస్క్ జబ్బు కాదు, దారిలో ఎక్కడో ఉన్న ఇరుకు. ఆ ఇరుకు ఎక్కడుందో తెలియకుండా పెట్టిన ఖర్చు ఇరుకును అక్కడే ఉంచేస్తుంది. ఎప్పుడో ఒకసారి అది నిజంగానే జబ్బు అవుతుంది. అప్పుడు చేయాల్సిన పని దీనికి పూర్తిగా విరుద్ధం. కాబట్టి ఏది ఏదో పోల్చుకోవడం ముందు నేర్చుకోవాలి.

మన ప్రాంతంలో ఈ సంగతి అర్థం కావడానికి కొల్లేరు చాలు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో కాలువలూ డ్రెయిన్లూ నీళ్ళు తెచ్చి ఆ సరస్సులో పోస్తాయి. ఆ నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్న దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. పైనుంచి ఎంత నీరు వచ్చినా బయటకు పోయేది ఉప్పుటేరు మోయగలిగినంతే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాలు నీళ్ళలో చిక్కుకోవడానికి కారణం అదే. వచ్చిన నీరు వచ్చినట్టు పోలేకపోయింది. బుడమేరును ఇంకాస్త వెడల్పు చేస్తే కొల్లేటి మట్టం తగ్గుతుందని ఎవరూ అనరు. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం సరిగ్గా అదే చేస్తాం. కెమెరా కార్డు, కార్డు రీడర్, కంప్యూటర్ లోపలి డిస్క్, పోర్ట్, కేబుల్, ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టెలోని చిన్న బోర్డు, చివరికి తిరిగే పళ్ళెం: డేటా ఇన్ని చోట్ల నుంచి పోతుంది. వీటిలో అన్నిటికంటే ఇరుకైనది ఏదో అదే మొత్తం వేగాన్ని శాసిస్తుంది. మిగతావి ఎంత ఖరీదైనవైనా దానికి లోబడాల్సిందే.

ఇరుకును పోల్చుకోవడానికి నాలుగు అంకెలు గుర్తుంటే చాలు. ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. పెట్టె మీద వేగాన్ని గిగాబిట్లలో రాస్తారు, కాపీ విండో చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి పెట్టె మీద అంకెను ఎనిమిదితో భాగించాకే పోల్చాలి. 1998 నాటి యూఎస్‌బీ 1.1 వేగం సెకనుకు 12 మెగాబిట్లు, చేతికి దక్కేది సుమారు ఒక ఎంబీ. 2000లో వచ్చిన 2.0 వేగం 480 మెగాబిట్లు, అంటే కాగితం మీద 60 ఎంబీ. అవతలివైపుతో ఇచ్చిపుచ్చుకునే సంకేతాలకు పోయేది పోగా మిగిలేది 30 నుంచి 40. 2008 నవంబరులో వచ్చిన 3.0 వేగం 5 గిగాబిట్లు, ఆచరణలో 400 ఎంబీ దాకా మోస్తుంది. దీన్నే తర్వాత 3.1 జెన్ 1 అనీ, 3.2 జెన్ 1 అనీ పేర్లు మార్చారు. పేరు పెరిగింది గానీ వేగం పెరగలేదు, కొనేటప్పుడు ఆ పేర్లు చూసి మోసపోకండి. ఇక నాలుగో అంకె పళ్ళెం సొంత సత్తా. నిమిషానికి 5400 చుట్లు తిరిగే మామూలు పోర్టబుల్ డిస్క్ పెద్ద ఫైళ్ళను సెకనుకు 100 నుంచి 140 ఎంబీ వరకూ రాయగలదు, అంతకుమించి దానివల్ల కాదు. ఇప్పుడు కాపీ విండో చూడండి. అంకె 35 దగ్గర తిరుగుతుంటే మీ డేటా 2.0 దారిలో పోతోందన్నమాట. 110 ఉంటే డిస్క్ తన శక్తికొద్దీ పనిచేస్తోంది, బాగుచేయడానికి అక్కడ ఏమీ లేదు. 200 జీబీకి 35 చొప్పున 95 నిమిషాలు పడుతుంది, 110 చొప్పున అరగంట. ఒక్క ఎంబీ చొప్పున అయితే రెండు రోజులు దాటినా అవదు.

ఆ 35 అంకెకు ఎక్కువసార్లు కారణం కేబుల్. పోర్టబుల్ డిస్క్ వెనక సాకెట్‌ను ఒకసారి వెలుతుర్లో పెట్టి చూడండి. చాలా డిస్క్‌లలో పక్కపక్కనే రెండు అరలుంటాయి. వెడల్పాటిది అచ్చం పాత ఫోన్ చార్జర్ సాకెట్‌లా ఉంటుంది, దాని పక్కనున్న ఇరుకు అరలో ఐదు పిన్నులుంటాయి. అసలు కేబుల్ ఎక్కడో పోతే పాత ఫోన్ చార్జర్ కేబుల్ ఆ వెడల్పాటి అరలో చక్కగా కూర్చుంటుంది. డిస్క్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, ఫోల్డర్లన్నీ తెరుచుకుంటాయి. పని జరుగుతోంది కాబట్టి కేబుల్ మీద అనుమానమే రాదు. కానీ 3.0 వేగం మోసే తీగలు ఆ రెండో అరకు చెందినవి, వాటికి ఈ కేబుల్ అసలు తగలదు. టైప్-సీ సాకెట్ ఉన్న కొత్త డిస్క్‌లలో ఈ తేడా కంటికి కూడా కనపడదు. ఫోన్ చార్జింగ్‌కు ఇచ్చే టైప్-సీ కేబుల్స్‌లో చాలావాటికి లోపల 2.0 తీగలే ఉంటాయి, బయటికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. కంప్యూటర్ వైపు కూడా ఇంతే. 2.0 పోర్టులో నాలుగు పిన్నులు, 3.0 పోర్టులో తొమ్మిది. 3.0 పోర్టు లోపలి ప్లాస్టిక్ నాలుక చాలాసార్లు నీలంగా ఉంటుంది, లేదా పక్కన ఎస్‌ఎస్ అనే అక్షరాలుంటాయి. నీలం రంగు తప్పనిసరి నిబంధన కాదు గనుక రంగు కంటే అంకెనే నమ్మండి. ఇంకో చిన్న విశేషం: ప్లగ్‌ను మరీ మెల్లగా నెడితే ముందు తగిలేవి పాత నాలుగు పిన్నులే. ఒక్కోసారి కంప్యూటర్ దాన్ని 2.0 అని తేల్చుకుని అక్కడే ఉండిపోతుంది. తీసి, ఒకే ఊపులో లోపలిదాకా పెడితే 35 కాస్తా 110 అవుతుంది. పైసా ఖర్చులేని ఈ వైద్యం అన్నిటికంటే ముందు చేసి చూడదగ్గది.

కేబుల్ తర్వాత అనుమానించాల్సింది డేటా ఎక్కడినుంచి వస్తోందో ఆ చోటును. స్టూడియోల్లో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. కార్డు మంచిది, డిస్క్ మంచిది, మధ్యనున్న కార్డు రీడర్ మాత్రం ఎప్పుడో కొన్న 2.0 రీడర్. డిస్క్ మీద 35 కనిపిస్తే తిట్లు డిస్క్‌కు పడతాయి, దోషం రీడర్‌ది. దీన్ని తేల్చడం తేలిక. ముందు కార్డులోంచి కంప్యూటర్‌లోకి కాపీ చేసి అంకె చూడండి, తర్వాత కంప్యూటర్‌లోంచి డిస్క్‌లోకి చేసి చూడండి. మొదటి మజిలీలోనే 35 వస్తే రెండో మజిలీ గురించి మాట్లాడక్కర్లేదు. అదే డిస్క్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు కాపీ చేస్తూ నెమ్మదిగా ఉందనుకోవడం కూడా సరికాదు. చదవడానికీ రాయడానికీ ఉన్నది ఒకే చేయి, అది పళ్ళెం మీద ఆ మూలకూ ఈ మూలకూ తిరుగుతూనే ఉండాలి. వేగం సగానికంటే తక్కువకు పడిపోవడం అక్కడ సహజం.

పరీక్షకు ఒక పద్ధతి ఉంది, దాన్ని పాటించకపోతే పరీక్ష చేసి ఫలితం లేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్టు, కంప్యూటర్ మూడూ ఒకేసారి మార్చేస్తే వేగం పెరిగినా ఏది మారడం వల్ల పెరిగిందో తెలియదు, వచ్చేవారం మళ్ళీ అదే తంటా. ప్రతిసారీ ఒకే ఫైలు వాడాలి, అది 10 జీబీ దాకా ఉన్న ఒకే వీడియో అయితే మేలు. మొదటి కొన్ని సెకన్లు కనిపించే అంకెను లెక్కలోకి తీసుకోకూడదు, అప్పుడు డేటా డిస్క్‌లోకి కాక కంప్యూటర్ ర్యామ్‌లోకి చేరుతూ ఉండవచ్చు. అరనిమిషం ఆగాక నిలకడగా ఉన్న అంకెను కాగితం మీద రాసుకోవాలి: ఈ కేబుల్, వెనక పోర్టు, 36. అదే కేబుల్, పక్క పోర్టు, 36. వేరే కేబుల్, అదే పోర్టు, 112. మూడు వరుసలతో కేసు తేలిపోయింది. సీజన్లో ఊపిరాడని వేళ ఈ కాగితాలూ పరీక్షలూ ఎక్కడ కుదురుతాయని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. లెక్క కట్టి చూద్దాం. పైన చెప్పిన మూడు పరీక్షలకు పట్టే సమయం పావుగంట లోపు. 95 నిమిషాల కాపీ అరగంటకు దిగితే ఒక్క పెళ్ళికే గంటకు పైగా మిగులుతుంది. సమయం లేనివాళ్ళకే ఈ పరీక్ష ఎక్కువ అవసరం.

అంకెతో పాటు గీతను కూడా చదవడం అలవాటు చేసుకోవాలి. విండోస్ కాపీ విండోలో వివరాలు తెరిస్తే ఆకుపచ్చ గీత ఒకటి కదులుతూ కనిపిస్తుంది. అది నాడి లాంటిది. 35 దగ్గర పొలం గట్టులా సమంగా సాగితే అది దారి ఇరుకు, కేబుల్ సంగతి చూడాలి. 110 దగ్గర మొదలై, పదుల జీబీలు ఎక్కాక 20కో 30కో జారి అక్కడే ఉండిపోతే అది వేరే కథ. ఇప్పుడొస్తున్న పోర్టబుల్ డిస్క్‌లలో చాలావాటిలో డేటా గీతల్ని పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి రాస్తారు, తక్కువ చోట ఎక్కువ పట్టడం కోసం. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదకు వాలిన పెంకులన్నీ తీసి మళ్ళీ పేర్చాలి కదా, ఈ డిస్క్‌కీ అదే పని పడుతుంది. మొదట వచ్చిన డేటాను ఖాళీ చోటులో గబగబా పెట్టుకుంటుంది, ఆ చోటు నిండాక పేర్పు పని మీద పడి నెమ్మదిస్తుంది. పాత ఫైళ్ళు చెరిపి, కొత్తవి రాసి, మళ్ళీ చెరిపే వాడకంలో ఇది మరీ ఎక్కువ. ఈ సంగతి పెట్టె మీద సాధారణంగా రాయరు. తమ రెడ్ శ్రేణి డ్రైవ్‌లలో ఏవి ఈ పద్ధతివో చెప్పే జాబితాను వెస్టర్న్ డిజిటల్ 2020లో బయటపెట్టింది, అదీ కొన్నవాళ్ళు నిలదీశాకే. ఇలాంటి డిస్క్‌ను పెళ్ళి మొత్తం ఒక్కసారిగా ఎక్కించి దాచడానికి వాడుకోండి, దానిమీదే ఎడిటింగ్ చేయకండి. కాపీ అయ్యాక వెంటనే పీకేయకుండా కాసేపు కరెంటులో ఉంచితే ఆ ఖాళీ సమయంలో తన పెంకులు తను సర్దుకుంటుంది.

గీత రంపపు పళ్ళలా పైకీ కిందకీ ఊగుతూ, అంకె ఒకటి రెండు ఎంబీలకు దిగితే ముందు ఏం కాపీ చేస్తున్నారో చూడండి. ఫోన్లోని వాట్సాప్ ఫొటోలో, ట్యాలీ ఫోల్డర్లలోని వేలాది చిన్న ఫైళ్ళో అయితే అది లోపం కాదు. నిమిషానికి 5400 చుట్లంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. ప్రతి చిన్న ఫైలుకూ ఆ చేయి కదలాలి, సరైన చోటు తిరిగొచ్చేదాకా ఆగాలి, ఫలానా ఫైలు ఫలానా చోట ఉందని పట్టీలో రాసుకోవాలి. మోసే బరువు తక్కువ, నడక ఎక్కువ. వాటన్నిటినీ కంప్యూటర్‌లోనే ఒక జిప్ ఫైలుగా కట్టి ఆ మూటను పంపితే గీత మళ్ళీ గట్టులా సాగుతుంది. డిస్క్ నిండే కొద్దీ వేగం తగ్గడం కూడా ఇలాంటి సహజ విషయమే. తీర్థంలో రంగులరాట్నం ఎక్కినప్పుడు అంచున కూర్చున్నవాడు ఒక చుట్టులో ఎంతో దూరం తిరుగుతాడు, ఇరుసు పక్కనున్నవాడు తిరిగేది కొంచెమే. పళ్ళెం అంచు నుంచి లోపలికి నిండుతుంది గనుక ఖాళీగా ఉన్నప్పుడు 130 రాసిన డిస్క్ చివరికొచ్చేసరికి అందులో సగం రాస్తుంది. ఆ సంగతి తెలియక డిస్క్‌కు వయసైపోయిందని పారేసేవాళ్ళున్నారు.

ఇంత తతంగం దేనికి, ఎస్‌ఎస్‌డీ కొంటే పోలేదా అని అడగవచ్చు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్ళెం లేదు, కాబట్టి పైన చెప్పిన పెంకుల బాధా, రంగులరాట్నం బాధా దానికి లేవు. రోజూ ఆ డిస్క్ మీదే ఎడిటింగ్ చేసేవాళ్ళకు అది కొనదగ్గదే, అందులో సందేహం లేదు. కానీ పాత కేబుల్‌కే తగిలిస్తే ఆ ఎస్‌ఎస్‌డీ కూడా 40 దాటదు. ఉప్పుటేరు అలాగే ఉంది మరి. పరీక్ష చేశాక, 110 వస్తోందని తెలిశాక, ఆ 110 మీ పనికి చాలదని తేలితే అప్పుడు కొనండి. అది తెలిసి కొన్న వస్తువు అవుతుంది. ఫార్మాట్ కొడితే స్పీడ్ వస్తుందనే సలహా ఇంకోటి, ఇది మాత్రం నిక్కచ్చిగా తోసిపుచ్చాల్సింది. ఫార్మాట్ వల్ల కేబుల్‌లో తీగలు మొలవవు. ఖాళీ అయిన డిస్క్ మళ్ళీ బయటి అంచు నుంచి రాయడం మొదలుపెడుతుంది కాబట్టి కొన్నాళ్ళు వేగంగా కనిపిస్తుంది, ఆ భ్రమ కోసం డేటాను పణంగా పెట్టడం తగదు. సెట్టింగుల మాటకొస్తే, 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి విండోస్ 10 బయటి డిస్క్‌లకు క్విక్ రిమూవల్ అనే పద్ధతిని మామూలుగా పెడుతోంది. దాన్ని బెటర్ పెర్ఫార్మెన్స్‌కు మారిస్తే చిన్న ఫైళ్ళ పని కొంత చురుకవుతుంది. కానీ అప్పుడు రాయాల్సిన డేటా కాసేపు ర్యామ్‌లోనే ఉంటుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఆ లాభం కోసం ఆ ప్రమాదం వద్దనే నా అభిప్రాయం.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పోర్టబుల్ డిస్క్‌కు ఊపిరి కూడా ఆ కేబులే. 2.0 పోర్టు నిబంధన ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపులు, 3.0 ఇచ్చేది 900. సీపీయూ ముందువైపు పోర్టుకు లోపల ఇంకో పొడవాటి తీగ ఉంటుంది, దాని నాణ్యత చాలాసార్లు అంతంతమాత్రం. ఒకే హబ్‌కు రెండు డిస్క్‌లు, ఒక రీడర్ తగిలిస్తే ఉన్న వేగాన్నీ, ఉన్న కరెంటునూ పంచుకుంటాయి. కరెంటు చాలని డిస్క్ ఆగి ఆగి తిరుగుతుంది, మధ్యలో మాయమై మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. వెనకవైపు పోర్టుకు నేరుగా తగిలిస్తే చాలాసార్లు ఆ జబ్బు అక్కడితో పోతుంది. ఎండల సంగతి కూడా ఆలోచించాలి. పోర్టబుల్ డిస్క్‌లు చాలావాటికి తయారీదారులు చెప్పే పని ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే, మన మే నెల దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. గంటల తరబడి కాపీ నడిచేటప్పుడు డిస్క్‌ను ల్యాప్‌టాప్ కిందా, పరుపు మీదా పెట్టకుండా ఫ్యాను గాలి తగిలే బల్ల మీద ఉంచండి. కదపకండి కూడా. రాసే తలకూ పళ్ళేనికీ మధ్య ఉన్న ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే.

ఇక ఇరుకు కాని నెమ్మది ఒకటి మిగిలింది, దాని గీత వేరు. 110 దగ్గర నడుస్తూ నడుస్తూ ఒక్కసారి సున్నాకు పడుతుంది, అరనిమిషం అక్కడే ఉంటుంది, మళ్ళీ లేస్తుంది, ఇంకో చోట మళ్ళీ పడుతుంది. కేబుల్ మార్చినా, కంప్యూటర్ మార్చినా అంతే. కొన్నిసార్లు ఒకే ఫైలు దగ్గర ప్రతిసారీ ఆగుతుంది, లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. పళ్ళెం మీద చెడిపోయిన చోటును చదవలేక డిస్క్ పదే పదే ప్రయత్నిస్తున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఖాయం చేసుకోవడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి. 05 డిస్క్ పక్కన పెట్టేసిన చెడ్డ చోట్ల లెక్క, సీ5 ప్రస్తుతం చదవలేక అనుమానంలో ఉంచినవి, సీ6 ఇక సరిచేయలేనివి. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌లో మూడూ సున్నాలే ఉంటాయి. అంకెలు పదహారు గుర్తుల లెక్కలో కనిపిస్తాయి కాబట్టి మధ్యలో అక్షరాలు కనబడితే కంగారు పడక్కర్లేదు, అది సున్నానా కాదా అన్నదే చూడాలి. ఇలాంటి డిస్క్ మీద ఇప్పటిదాకా చెప్పిన పరీక్షలేవీ చేయకూడదు. 10 జీబీ ఫైలు రాసి చూడకండి, ఎర్రర్ చెకింగ్ నడపకండి, ఫార్మాట్ మాట ఎత్తకండి. ప్రతి అదనపు చుట్టూ దాని ఆయుష్షులోంచే పోతుంది. అన్నిటికంటే విలువైన ఫోల్డర్ ఏదో అది ముందు వేరే డిస్క్‌లోకి తీయండి, ఆగిన ఫైలును వదిలి తర్వాతిదానికి వెళ్ళండి. తలంబ్రాల వీడియో ఇంకోసారి తీయడం కుదరదు. కాబట్టి ఈ అధ్యాయం ఇక్కడ మూసి, ఇప్పుడే మీ డిస్క్ తగిలించి సీ5 వరుస చూడండి. అక్కడ సున్నా కాకుండా మరే అంకె ఉన్నా వేగం గురించి మర్చిపోయి కాపీ మొదలుపెట్టండి.